‘కారుతోందా? బిగించెయ్’ అన్నకు ఒక ఉత్తరం

బిగింపన్నా,

తాడిపత్రి నుంచి రాస్తున్నా. ఇక్కడి బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో నీకున్న పరపతి ఓనర్లకు కూడా లేదు. స్లర్రీ (బండపొడి కలిసిన నీళ్లు) తోడే పంపులో, తిరిగే షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు కారకుండా తాడు చుట్టి బిగించే గ్లాండ్ దగ్గర నాలుగు చుక్కలు పడితే చాలు, ఆపరేటర్ నుంచి వాచ్‌మన్ దాకా అందరి చేతికీ స్పానర్ వచ్చేస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, నీళ్లు కారుతుంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు, నిజమే. కానీ అన్నా, ఆ నీళ్లే గ్లాండ్ తాడుకు కందెన, దాన్ని చల్లబరిచేదీ అవే. నువ్వు రెండు చుట్లు తిప్పగానే చుక్క ఆగుతుంది, ఆపరేటర్ మీసం తిప్పుతాడు, కాసేపటికి గ్లాండ్ మీద చెయ్యి పెట్టలేం, తాడు కాలిన వాసన, సాయంత్రానికి ధారే. అప్పుడు మళ్లీ నువ్వే దిక్కు! బిగించక తప్పదనుకుంటే రెండు నట్లూ సమంగా, ఆరో వంతు చుట్టు తిప్పి ఆగొచ్చుగా?

లోపల తిరిగేది తాగునీళ్లు కాదు. బండపొడి, దాంట్లో పాలిష్ రాళ్ల నుంచి రాలిన కార్బోరండం (బండను అరగదీసే గట్టి పదార్థం) రవ్వ. గట్టిదనం చెప్పే మోహ్స్ కొలతలో సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3, ఈ రవ్వది 9కి పైనే. అది తాడులో దూరిందంటే తాడు ఆకురాయిలా మారి షాఫ్టు అరగకుండా దానికి తొడిగిన గొట్టాన్ని, అదే స్లీవ్‌ను, తినేస్తుంది. విప్పి చూస్తే గోరు దిగేంత గాడి. అందుకే లోపలి ఒత్తిడి కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో గ్లాండ్‌లోకి శుభ్రమైన నీళ్లు, అదే సీల్ వాటర్, ఇస్తారు. పంపు వేసే ముందే తిప్పాలి, ఆపాకే కట్టాలి. మనోళ్లేమో "బోరు నీళ్లు దండగ" అని ఆ వాల్వు కట్టేసి నిన్ను పిలుస్తారు. కారిన నీళ్లు కాలవలో పడి మళ్లీ అదే గుంతలోకి చేరతాయి, యాడికి పోతాయి సామీ?

నీ తమ్ముడు గ్రీజు గన్ ఇంకో రకం. బేరింగ్ అరిస్తే చాలు, పొంగేదాకా కుక్కుతాడు. బేరింగ్ కూర్చునే గూడు (హౌసింగ్) ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే సరిపోయేదానికి, నిండా కుక్కితే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది. మా దగ్గర బేరింగ్ అరిచేది ఎక్కువగా గ్లాండ్ నుంచి చిమ్మిన మడ్డి లోపలికి పోయే. బయటికొచ్చిన గ్రీజు బూడిదరంగులో ఉందా, వేళ్ల మధ్య గరగరమంటోందా, చూసేవాడు ఏడీ?

రేపు కొత్త స్లీవ్ వేస్తున్నాం. సీల్ వాటర్ వాల్వు పూర్తిగా తెరిచి, దాని పిడి ఊడదీసి నా టూల్ బాక్సులో పెట్టుకుంటా. కావాలంటే వచ్చి అడుగు, ఇవ్వను.

ఇట్లు,
స్లీవులు మార్చి మార్చి విసిగిన ఫిట్టర్