బ్లీచింగ్‌లో వెనిగర్ కలపకండి

వానలు మొదలైతే చాలు, వాట్సాప్‌లో ఈ సలహా ఇంటింటికీ తిరుగుతుంది: “గోడకు బూజు పట్టిందా? బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వెనిగర్ కలిపి చల్లండి. బూజు వేళ్లతో సహా చస్తుంది. ఆరాక రంగు వేస్తే జన్మలో మళ్లీ రాదు. నల్ల బూజు కాకపోతే భయమే లేదు.” ఉన్నవి నాలుగు మాటలు, నాలుగూ తప్పే.

మొదటిది ప్రాణాల మీదికి తెచ్చేది. బ్లీచింగ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు శత్రు సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. వెనిగరే కాదు, నిమ్మరసమూ బాత్రూమ్ యాసిడూ అంతే. ఎవరైనా ఇప్పటికే కలిపి, ఘాటు మొదలైతే ఆ బకెట్ సంగతి వదిలేసి ముందు బయటికి రావాలి.

ఇక వేళ్లతో సహా చావడం. నున్నటి టైల్ మీద బ్లీచింగ్ బాగానే పనిచేస్తుంది. లప్పం, ప్లాస్టరు నీటిని పీలుస్తాయి. క్లోరిన్ పైపైనే ఖర్చయిపోతుంది, నీళ్లు లోపలికి దిగి బూజుకే అక్కరకొస్తాయి. మరక తెల్లబడింది కదా అని మనం సంతోషిస్తాం. పైగా చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి దాన్ని తుడిచి తీసేయాల్సిందే. అందుకు డిటర్జెంట్ నీళ్లు, చేతి తొడుగులు, ఎన్95 మాస్కు చాలు. పొడి బ్రష్‌తో మాత్రం గీకకండి, బీజాలు గదంతా ఎగురుతాయి. జిప్సం సీలింగు లోపలి దాకా పాకితే ఆ ముక్క కోసి మార్చడమే.

రంగు వేస్తే రాదన్నది పెయింటర్‌కు ఏటా పని కల్పించే మాట. చెమ్మ ఆగనిదే ఏ రంగూ నిలవదు. గోడను తుడిచి ఆరబెట్టి, అల్యూమినియం ఫాయిల్ ముక్కను చుట్టూ టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. ఫాయిల్ వెనక తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది: పైపు, డాబా, పక్క బాత్రూమ్ చూడాలి. ముందువైపు తడి ఉంటే అది గదిలోని ఆవిరి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, తడిబట్టలు ఇంట్లో ఆరేయడం మానాలి.

నలుపు భయం సగం పుకారే. రంగు చూసి బూజు ప్రమాదాన్ని తేల్చలేం, ఆస్తమా ఉన్నవారికి ఆకుపచ్చదైనా ఇబ్బందే. తెల్లగా పొడిలా రాలేది అసలు బూజే కాకపోవచ్చు. ఒక నీటి చుక్క వేయండి. కరిగిపోతే అది ఇటుకలోంచి పైకి వచ్చిన ఉప్పు, దానికి బ్లీచింగ్ దండగ.