బలవంతుడికి శివారు చేను

భీమవరం, అమలాపురం వైపు నాలుగు చెరువులున్న ఆసాముల హాళ్లలో ఈ మధ్య టీవీ పక్కకు జరిగింది. ఆ చోట ఉప్పునీటి గాజుతొట్టి, నీలం దీపాలు, వాటి కింద పగడపు జీవులు. తప్పేం లేదు. రొయ్య ధర బాగుంటే మనిషికి సౌందర్యదృష్టి కలగడం సహజం. అయితే భూతగాదాల జిల్లాలో పుట్టి పెరిగినవాడిగా నాదో విన్నపం. సర్వే చేయించకుండా ఏ తొట్టిలోనూ కోరల్‌ను, అంటే ఆ పగడపు జీవిని, దింపకూడదు.

చుట్టాలు దాన్ని పువ్వనుకుంటారు. పువ్వు కాదు, పట్టాదారు. రాయికి అంటుకుందంటే ఇక కదలదు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో తిండి వండిపెట్టాలి గనక, పక్కవాడు ఏపుగా పెరిగి నీడ కమ్మితే బతుకు పోతుంది. అందుకే హద్దు విషయంలో అది మనకంటే పట్టుదల గలది.

గలాక్సియా అనే పగడం సంగతే చూడండి. పగలు పచ్చగా, పొట్టిగా, పరమ సాధువు. దీపాలు ఆరాక స్వీపర్లనే పొడవాటి కుట్టే పోగులు వదులుతుంది. అడుగు దూరంలో ఉన్నవాడినైనా వాటితో కాల్చేస్తుంది. గట్టు చెక్కేవాడూ అంతేగా, పగలు నమస్కారం పెట్టి రాత్రి పార పట్టుకొస్తాడు. తెల్లారి చూస్తే పక్కదాని కండ పోయి తెల్లటి ఎముక తేలుతుంది. కొన్ని మెదడు పగడాలకు ఈ మాత్రం మొహమాటం కూడా లేదు. కడుపులోని జీర్ణతంతువులను బయటికి కక్కి, పొరుగువాడి మీద పరిచి, అక్కడికక్కడే అరిగించేసుకుంటాయి. ఎవరు ఎవరిని అరిగిస్తారో జమైకా తీరంలో పరిశీలించి, జుడిత్ లాంగ్ అనే శాస్త్రవేత్త 1970లలోనే పెద్దరికాల వరస కట్టారు. మన రెవెన్యూ శాఖ ఆ రికార్డు తెప్పించుకుని చదవాలి.

బంధుత్వాలనీ నమ్మకండి. టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ అనే మూడు పగడాలు చాలాకాలం యూఫీలియా అనే ఒకే ఇంటిపేరు మీద ఉన్నాయి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఇప్పటికీ చాలావరకు ఒకదానికొకటి సర్దుకుపోతాయి. టార్చ్ మాత్రం ఇద్దరినీ కాలుస్తుంది. 2017లో శాస్త్రవేత్తలే పూనుకుని ఆ ఇద్దరినీ యూఫీలియా నుంచి విడదీసి, ఫింబ్రియాఫీలియా అని వేరే ప్రజాతి రాసిచ్చారు. పంపకాలంటే అలా ఉండాలి, కోర్టు ఖర్చు లేకుండా.

ఇక అసలు చిక్కు. తొట్టిలో మోటారు నీటిని ఒకవైపు నుంచి తోస్తుంది. స్వీపర్లు ఆ వాలుకే సాగుతాయి. కాబట్టి కరిచే జాతిని ప్రవాహం చివర పెట్టాలి. చుట్టూ జానెడు, గలాక్సియాకైతే అడుగుకు పైనే ఖాళీ వదలాలి. రేపు అది పెరిగే మేర కూడా ఇవాళే కొలిచి వదలాలి. చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలువలు పారిన నాటి నుంచి నేటి దాకా బలమున్నవాడి చేను కాలువ తలాపునే ఉంది, లేనివాడిది శివారులోనే ఎండుతోంది. బలవంతుడిని శివారుకు పంపడమనేది మన అనుభవంలో లేని సంస్కరణ. ఒక ఆసామికి ఇదే మనవి చేశాను.

"అండీ, ఆ టార్చ్‌ని తీసుకెళ్లి ఆ చివర్న పెట్టండి."

"అంత డబ్బు పోసి కొన్నదాన్ని మూలన పెట్టమంటారేంటండీ బాబూ! వచ్చినోళ్లకి కనపడొద్దా?"

సరే, నడిమధ్యనే ఉంచారు. ఇరుగుపొరుగు ఖాళీ అయిపోయారు. ఇప్పుడు బాగా కనపడుతోంది.

రాతి అస్థిపంజరం లేని మెత్తటి పగడం లెదర్ కోరల్‌ది ఇంకో పద్ధతి. స్వీపర్లు లేవు, ఎవరి మీదా చెయ్యి వేయదు. నీళ్లలోకి టెర్పీన్లనే రసాయనాలు వదిలి కూర్చుంటుంది, తొట్టి అవతల ఉన్న రాతి పగడం ముడుచుకుపోతుంది. రొయ్యల చెరువు పక్కన వరి చేనున్న రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరూ గట్టు దాటలేదు, సాక్ష్యం లేదు, కింద నుంచి ఉప్పు ఊరింది, అంతే. వరికి మందు లేదు గానీ తొట్టికి ఉంది. యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి తరచూ మార్చడం, కొంత కొంత నీళ్లు తీసి కొత్తవి పోయడం.

పోషణలో మాత్రం మనవాళ్లకు సాటి లేరు. ఆల్కలినిటీ (నీటి క్షారత), కాల్షియం, మెగ్నీషియం అంటే మిగతా ఊళ్లవాళ్లు తెల్లమొహం వేస్తారు. ఇక్కడ వనామీ రొయ్య పుణ్యమా అని అరుగుల మీద మాట్లాడుకునే మాటలవి. కోరల్‌కు ఆల్కలినిటీ 150 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దగ్గర, కాల్షియం 400 పైన, ఉప్పు 35 పీపీటీ (వెయ్యిలో వంతులు) కదలకుండా ఉండాలి. ఎక్కువ తక్కువల కంటే ఊగిసలాటే దాన్ని చంపేది. వేడి 26 డిగ్రీలు దాటకుండా చూడాలి, అంటే మే నెలలో ఇంట్లో మనిషికి లేని చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రం, దానికి కావాలి. చెరువుకు వాడే క్రీకు (ఉప్పుటేరు) నీళ్లు పోసేద్దామనుకోకండి. ఆర్వో నీళ్లలో పగడాల తొట్లకని అమ్మే రీఫ్ ఉప్పు కలపాల్సిందే. గోదావరి మంచినీరూ ఒండ్రూ తెచ్చి కలిపే మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం ఉంది మరి.

ఇంకో మాట, మెల్లగా. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. మన్నార్ సింధుశాఖ నుంచి "తెప్పించాం" అనేవాడి దగ్గర కొంటే తొట్టి సర్వేకు వచ్చేది వీఆర్వో కాదు, అటవీ శాఖ. విదేశీ సరుకంటే కాగితాలు చూపమనండి. భూతగాదాలకు కారకుడు కుజుడనీ, ఆయన శాంతికి పగడం ధరించాలనీ జ్యోతిష్కులు చెప్పారే గానీ, బతికున్న పగడాన్ని పెంచమని ఎక్కడా చెప్పలేదు.

పైన చెప్పిన ఆసామి చివరికి దారికొచ్చి లెదర్‌కు వేరే తొట్టి కట్టించారు. మధ్యలో గట్టిగా గోడ. నేను వంగి కింద చూశాను. రెండు తొట్ల నీళ్లూ ఒకే సంపులోకి దిగి, ఒకే మోటారుతో పైకెక్కుతున్నాయి. గట్టు వేశారు, బోదె ఉమ్మడిగానే ఉంచారు. అదే చెప్పాను. ఆయన కాసేపు తొట్ల వైపు చూసి, "ఇంకో సంపు ఎంతవుద్దండీ?" అన్నారు.