దొర వెంట నడిచిన ప్రతివాడూ సైనికుడు కాదు

"అమెరికా అంతర్యుద్ధంలో 65 వేల మంది నల్లజాతి సైనికులు దక్షిణాది తరఫున తుపాకి పట్టారు. పుస్తకాలు దాచిన నిజం ఇది" అని మొదలయ్యే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. రెండు ఫొటోలు, అర డజను అంశాలు, చివర వరసగా దండాల బొమ్మలు. (దక్షిణాది అంటే బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా నుంచి విడిపోయిన రాష్ట్రాలు; 1861 నుంచి 1865 దాకా వాటితో పోరాడిన ఉత్తరాది ప్రభుత్వ పక్షం యూనియన్.) ఇంగ్లీషులో తిరిగినన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడెవరో పుణ్యాత్ములు దాన్ని తెలుగు చేసి, అడుగున మరో వాక్యం తగిలించారు: "బానిసలే యజమానుల కోసం ప్రాణాలిచ్చారంటే ఆ బంధం ఎంత గొప్పదో ఆలోచించండి." ఆలోచించాను. డల్లాస్ నుంచి ఒకరు, రిచ్‌మండ్ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి బంధువర్గమంతా "ఇది చదివావా" అని పంపుతున్నారు కాబట్టి జవాబు ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఇకపై ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

ముందు తేలికైనవి. 65 వేలన్న లెక్క ఎక్కడిదో సందేశం చెప్పదు. నాకు వచ్చిన ఒక ప్రతిలో అది లక్షకు పెరిగింది, బహుశా పండగ ఆఫరు. రెజిమెంటుకు వెయ్యి మంది చొప్పున వేసుకున్నా 65 రెజిమెంట్లు కావాలి. వాటిలో ఒక్కదాని పేరు, అది నిలబడి పోరాడిన ఒక్క యుద్ధరంగం చెప్పండి, చాలు. అవతలి వైపు యూనియన్ సైన్యంలో చేరిన నల్లజాతివాళ్ళు సుమారు 1,79,000 మంది. వాళ్ళ రెజిమెంట్ల నంబర్లు, జీతాల పట్టీలు, సమాధులు అన్నీ ఉన్నాయి. దక్షిణాది 65 వేల మంది మాత్రం ఆవిరైపోయారట.

"జనరల్ లీకి బానిసత్వమంటే అసహ్యం." లీ దక్షిణాది ప్రధాన సేనాని. 1863 జూన్‌లో ఆయన సైన్యం ఉత్తరాదిలోని పెన్సిల్వేనియాలో అడుగుపెట్టినప్పుడు ఛేంబర్స్‌బర్గ్ చుట్టుపక్కల దొరికిన నల్లజాతివాళ్ళను, పుట్టుకతో స్వతంత్రులైనవాళ్ళతో సహా, పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. తర్వాతి అంశం.

మొదటి ఫొటో. నల్లజాతి సైనికులు వరసగా నిలబడి ఉంటారు, కింద "లూసియానా నేటివ్ గార్డ్స్, 1861" అని రాసి ఉంటుంది. ఇది దక్షిణాది సైన్యం కాదు. ఫిలడెల్ఫియాలోని ఒక స్టూడియోలో 1864 ప్రాంతంలో తీసిన యూనియన్ సైనికుల ఫొటో. అసలు ఫొటోలో ఎడమ పక్కన తెల్లజాతి యూనియన్ అధికారి ఒకడు నిలబడి ఉంటాడు. అతణ్ణి కత్తిరించేసి, కొత్త పేరు అతికించి, అమ్మకానికి పెట్టారు. ఏ పక్షం మీద పోరాడటానికి వాళ్ళు సైన్యంలో చేరారో, ఆ పక్షం సైనికులుగానే వాళ్ళను చూపిస్తున్నారు. ఇంతకన్నా నిక్కచ్చిగా ఎవరినైనా అవమానించడం కష్టం.

నేటివ్ గార్డ్స్ నిజంగా ఉండేవారు, అది వేరే కథ. న్యూ ఆర్లియన్స్‌లోని స్వతంత్ర నల్లజాతివాళ్ళు 1861లో రాష్ట్ర రక్షక దళంగా ఏర్పడ్డారు. దక్షిణాది సైన్యం వాళ్ళను ఏనాడూ తనలో చేర్చుకోలేదు, యుద్ధానికి పంపలేదు, కవాతులకు వాడుకుంది. 1862 ఏప్రిల్‌లో నగరం యూనియన్ చేతికి చిక్కాక, అదే సెప్టెంబరులో అదే పేరుతో యూనియన్ దళం ఏర్పడింది. పాత దళంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆండ్రే కయూ కొత్త దళంలో కెప్టెనై, 1863 మే 27న పోర్ట్ హడ్సన్ దగ్గర దక్షిణాది కోట మీదికి తన మనుషుల్ని నడిపిస్తూ చనిపోయాడు. ఆయన తన పక్షం ఏదో ప్రాణమిచ్చి చెప్పాడు. ఈ సందేశం రాసినవాడికి వినపడలేదు.

"దక్షిణాది చట్టమే నల్లజాతివాళ్ళను సైనికులుగా తీసుకుంది" అన్న అంశం నాకు ఇష్టం, ఎందుకంటే మిగతా అంశాలన్నిటినీ అదే కూల్చేస్తుంది. అవును, చట్టం వచ్చింది. 1865 మార్చి 13న. లీ లొంగిపోయింది ఏప్రిల్ 9న. సెనేట్‌లో 9కి 8, దిగువ సభలో 40కి 37 ఓట్లతో గట్టెక్కింది. ఆ చట్టం కింద కూడా దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు మొదలైనవాళ్ళతో నామమాత్రంగా రెండు కంపెనీలు కవాతు చేశాయి, అంతలో నగరమే పడిపోయింది. అప్పటికే నాలుగేళ్ళుగా 65 వేల మంది పోరాడుతుంటే, మరి ఏ విషయం మీద ఆ సభ అంతగా కొట్టుకున్నట్టు?

కొట్టుకున్నవాళ్ళు ఏమన్నారో కూడా రాతలో ఉంది. 1864 జనవరిలో దక్షిణాది జనరల్ క్లెబర్న్ బానిసలకు విముక్తి ఇచ్చి సైన్యంలో చేర్చుకుందామని ప్రతిపాదిస్తే, దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఆ కాగితాన్ని బయటికి రాకుండా తొక్కిపెట్టమన్నాడు. ఏడాది తర్వాత జనరల్ హావెల్ కాబ్ యుద్ధ మంత్రికి రాసిన ఉత్తరంలో, బానిసలు మంచి సైనికులు అవుతారంటే బానిసత్వం మీద మన సిద్ధాంతం మొత్తం తప్పేనన్నాడు. శత్రువు మాట కాదిది. జార్జియా మాజీ గవర్నర్ మాట. దక్షిణాది నాయకులకు తమ సైన్యంలో నల్లజాతి సైనికులు లేరని బాగా తెలుసు. తెలియనిది మన వాట్సాప్ గ్రూపులకే.

ఇక అసలు విషయానికి వస్తాను: బంధం, విశ్వాసం, పింఛను.

దక్షిణాది సైన్యాల వెంట వేల మంది బానిసలు ఉన్న మాట నిజం. ఎందుకున్నారు? వంట చేయడానికి, బట్టలు ఉతకడానికి, గుర్రాలు మేపడానికి, బళ్ళు తోలడానికి, గాయపడిన దొరను మోసుకెళ్ళడానికి. కందకాలు తవ్వడానికి. రిచ్‌మండ్ చుట్టూ ఉన్న మట్టికోటల్లో చాలా భాగం వాళ్ళ చెమటే. 1862 అక్టోబరులో వర్జీనియా, తర్వాత దక్షిణాది కాంగ్రెస్ ఈ పనికి బానిసలను బలవంతంగా తీసుకునే చట్టాలు చేశాయి. 1864 ఫిబ్రవరి చట్టం 20 వేల మంది దాకా తీసుకోవచ్చంది. కూలి యజమానికి. కొడుకుల్ని యుద్ధానికి పంపిన తోటల యజమానులు బానిసల్ని పంపమంటే గొణిగారు. సొత్తు పాడైపోతుందని బెంగ.

జనరల్ లీ సైన్యంలో ఫిరంగి దళాధికారి ఎడ్వర్డ్ పోర్టర్ అలెగ్జాండర్ తన సేవకు చార్లీ అనే కుర్రాణ్ణి అద్దెకు తీసుకున్నాడు. పదిహేనేళ్ళ వాడు. మంచివాడని మెచ్చుకుంటూనే, రెండుసార్లు మాత్రం కొట్టాల్సి వచ్చిందని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: ఒకసారి పెరట్లో పియర్ పళ్ళు కోసినందుకు, ఇంకోసారి గెటిస్‌బర్గ్ యుద్ధానికి కాస్త ముందు, సారాయి దొంగిలించి తాగినందుకు. ఈ లెక్కన చార్లీ కూడా "గెటిస్‌బర్గ్ వీరుడే". పళ్ళు కోసినందుకు దెబ్బలు తిన్న వీరుడు. నిజాం కాలంలో దొర బండి ముందు పరుగెత్తిన వెట్టివాణ్ణి తెలంగాణలో ఎవరూ దొరగారి అంగరక్షకుడు అనరు. సముద్రం దాటగానే ఆ ఇంగితం ఎక్కడ వదిలేశామో తెలియడం లేదు.

రెండో ఫొటో ఇక్కడిదే. మిసిసిపీ రెజిమెంటు సార్జెంటు ఆండ్రూ చాండ్లర్, పక్కన సైలస్ చాండ్లర్, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలు. "బాల్య స్నేహితులు, కలిసి పోరాడిన సోదరులు" అని రాశారు కింద. ఇంటిపేరు ఒకటేనని గమనించి ముచ్చటపడినవాళ్ళూ ఉన్నారు. ఇంటిపేరు ఒకటే ఎందుకైందో వాళ్ళకు నేను చెప్పను. సైలస్ ఆ కుటుంబం బానిస. భార్యను వదిలి, టీనేజి దొరబాబు వెంట వెళ్ళమంటే వెళ్ళాడు. 1863లో చికమాగా దగ్గర ఆండ్రూ గాయపడితే ఇంటికి చేర్చాడు. చేర్చాక ఆండ్రూ తమ్ముడి వెంట మళ్ళీ పంపారు. 1994లో ఆయన సమాధి మీద దక్షిణాది సైనికుల ఇనుప శిలువ పాతారు. వారసుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. చెప్పరా మరి?

"అయితే పారిపోవచ్చు కదా, ఎందుకు పారిపోలేదు?" ఇది గ్రూపులో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న. పారిపోయారండీ. 1861 మే 23 రాత్రి, యుద్ధం మొదలై ఆరు వారాలైనా కాలేదు, వర్జీనియాలో దక్షిణాది ఫిరంగి స్థావరం కట్టే పనిలో పెట్టిన ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు పడవెక్కి యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకు చేరారు. యజమాని మనిషి తెల్లజెండా పట్టుకుని వెనకే వచ్చి సొత్తు తిరిగిమ్మన్నాడు. కోట అధికారి బట్లర్ ఇవ్వనన్నాడు. ఆ తర్వాత వందలు, వేలు వచ్చారు. 1862 మే 13 తెల్లవారుజామున రాబర్ట్ స్మాల్స్ దక్షిణాది సైన్యానికి పనిచేస్తున్న ప్లాంటర్ అనే ఆవిరి ఓడను భార్యాబిడ్డలతో సహా చార్ల్‌స్టన్ రేవు నుంచి నడుపుకుంటూ వెళ్ళి యూనియన్ నౌకాదళానికి అప్పగించాడు. దాని తెల్ల కెప్టెన్ ఆ రాత్రి ఊళ్ళో పడుకున్నాడు. గొప్ప బంధం! వీలు దొరకనివాళ్ళు ఉండిపోయారు. ఇంటి దగ్గర భార్యాపిల్లలు యజమాని గుప్పిట్లో ఉన్నవాడు ఎంత దూరం పారిపోగలడో పెద్దాయనే చెప్పాలి.

పింఛను సంగతి. దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతివాళ్ళకూ పింఛన్లు ఇచ్చాయి కాబట్టి వాళ్ళు సైనికులేనన్నది వాదన. మిసిసిపీ 1888లో మొదలుపెట్టింది, టెనెసీ 1921లో, వర్జీనియా 1924లో. దక్షిణ కెరొలైనా 1923 చట్టమైతే "విశ్వాసపాత్రులైన నీగ్రోలకు" అని పేర్లోనే పెట్టుకుంది. మిసిసిపీలో వాళ్ళ దరఖాస్తే వేరు, అది సేవకుల దరఖాస్తు. ఎవరికి సేవ చేశావు అని అడిగేది. సైనికుడైతే ఆ ప్రశ్న ఎందుకు? నల్లవాణ్ణి చెట్టుకు ఉరేసి, ఆ ఫొటోలను పోస్టుకార్డులుగా అమ్మిన కాలమది. ఎనభై ఏళ్ళ ముసలివాడు కొద్దిపాటి డాలర్ల కోసం తెల్లవాళ్ళ బోర్డు ముందు నిలబడి "మా దొర మంచివాడు" అన్నాడని, అది అంతరాత్మ సాక్ష్యమని మురిసిపోయేవాళ్ళకు నేను చేయగలిగింది లేదు.

ఇంత అన్నాక ఒప్పుకోవలసినవీ ఉన్నాయి, చిన్నవేమీ కావు. 1861 సెప్టెంబరులో, బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తన పత్రికలో, దక్షిణాది సైన్యంలో తుపాకులు పట్టిన నల్లజాతివాళ్ళు ఉన్నారని నిజంగానే రాశాడు. సందేశం దీన్ని కల్పించలేదు. లింకన్‌ను సిగ్గుపరచి నల్లజాతివాళ్ళను యూనియన్ సైన్యంలోకి తీసుకునేలా చేయడం ఆయన ఉద్దేశం. అయినా ఆయన రాసింది రాసిందే. జాన్ పార్కర్ అనే బానిస మనాసస్ యుద్ధంలో ఫిరంగి పేల్చాడు, అదీ నిజం. తప్పించుకుని వచ్చాక ఆయనే చెప్పాడు: స్వేచ్ఛ, డబ్బు ఇస్తామన్నారు, మాలో ఎవరూ నమ్మలేదు, తప్పక చేశాం, గెలవాలని కోరుకున్నది అవతలివాళ్ళే. మిసిసిపీకి చెందిన హోల్ట్ కాలియర్ టెక్సస్ అశ్విక దళంతో కలిసి ఇష్టపడే పోరాడినట్టుంది. ఇలాంటివాళ్ళు ఇంకా కొందరు ఉండవచ్చు. వాళ్ళను లేరనడం నాకూ అబద్ధమే అవుతుంది. పైగా "ఉత్తరాది కూడా కడిగిన ముత్యం కాదు" అన్న అంశానికి నా దగ్గర ఖండన లేదు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇచ్చి, నల్ల సైనికుడికి 10 ఇచ్చి అందులో 3 బట్టలకు కోసుకున్న సైన్యం అది. యూనియన్‌లోనే ఉన్న కెంటకీ, డెలావేర్‌లలో బానిసత్వం 1865 డిసెంబరు దాకా సాగింది. ఆ అంశం ఒక్కటి విడిగా పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.

మిగిలింది ఒకటే: "ఇవన్నీ బళ్ళో చెప్పరు." చెప్పారు. 2010లో వర్జీనియా నాలుగో తరగతి చరిత్ర పాఠ్యపుస్తకంలో, వేలాది నల్లజాతి సైనికులు దక్షిణాది తరఫున పోరాడారని, వాళ్ళలో రెండు బెటాలియన్లు దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ కింద ఉన్నాయని అచ్చేశారు. జాక్సన్ చనిపోయింది 1863 మేలో, నల్లజాతివాళ్ళను సైనికులుగా తీసుకునే ఆ 1865 చట్టం కన్నా దాదాపు రెండేళ్ళ ముందు. విలియం అండ్ మేరీ కళాశాల చరిత్ర ప్రొఫెసర్ ఒకామె తన బిడ్డ పుస్తకం తిరగేస్తూ ఆ వాక్యం చూసి గొడవ చేసింది. ఆధారం ఏమిటని అడిగితే, రచయిత్రి ఇంటర్నెట్‌లో చదివానంది.