సవరణ: 85 ఎం.ఎం. లెన్స్ ఫోకస్ గురించి

విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి మిట్టమధ్యాహ్నం తీసిన డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ ఫొటోలను చూపి, కొత్త 85 ఎం.ఎం. లెన్స్‌లో ఫోకస్ గురి తప్పుతోందని ఇంతకుముందు రాశాను. ఆ నిర్ధారణ తప్పు. ఎండకు కాగిన ఇసుక మీదుగా, సముద్రపు తేమ నిండిన గాలిలోంచి అంత దూరం చూసినప్పుడు లైట్‌హౌస్ అంచులు అలలాడుతూ అలుక్కుపోవడం గాలి వల్లే గాని లెన్స్ వల్ల కాదు.

ఫోకస్‌ను సరిగా పరీక్షించాలంటే, కెమెరా తయారీ సంస్థ కెనన్ సూచన ప్రకారం, ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ పేరులోని ఎం.ఎం. కొలతకు) సుమారు 50 రెట్ల దూరంలో, అంటే ఈ లెన్స్‌కు 4.25 మీటర్లలో, కెమెరాలో చిత్రాన్ని నమోదు చేసే సెన్సర్‌కు సమాంతరంగా అచ్చుకాగితం అంటించి, ట్రైపాడ్ మీద నుంచి పూర్తి అపర్చర్‌లో, అంటే లెన్స్ రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, తీయాలి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌తోనూ, వెనుక తెరపై చూసే లైవ్ వ్యూతోనూ తీసి పోల్చడం ముఖ్యం: రెండోదే పదునుగా వస్తే సరిచేయవలసింది వ్యూఫైండర్‌తో తీసేటప్పుడు పనిచేసే ఆటోఫోకస్‌ను (కెమెరా తానే ఫోకస్ చేసే ఏర్పాటును). ఈ పద్ధతిలో నా లెన్స్ రెండు విధాలా దినపత్రికలోని చిన్నక్షరాలను సైతం స్పష్టంగా పట్టింది.