పెద్దల చేతుల వైపు కెమెరా తిప్పండి

పెద్దవాళ్లకి టెక్నాలజీ అనగానే మన ఆలోచన పెన్షన్, కరెంటు బిల్లు దగ్గరే ఆగిపోతుంది. బతికే ఉన్నామని ఆన్‌లైన్‌లో నిరూపించుకునే జీవన్ ప్రమాణ్ 2014లో రావడంతో పెన్షనర్లకి తిరుగుడు తగ్గింది. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ల కోసం 2021లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతీ తెచ్చారు. సంతోషమే. కానీ వీటన్నిటిలో పెద్దవాళ్లు ఎప్పుడూ నేర్చుకునేవాళ్లే, అదీ మనవలు విసుక్కుంటుంటే. వాళ్లు నేర్పేవాళ్లుగా కూర్చునే చోటేది?

చేతిపనే ఆ చోటని నా నమ్మకం. స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డుల్లో చేసి రిటైరైన కుటుంబాలు విశాఖలో ఎన్నో. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్టుమెంట్లలో క్రోషే, ఊలు అల్లిక వచ్చిన అమ్మమ్మలు పక్క బ్లాకులోనే ఉన్నా ఒకరికొకరు తెలీదు. వాళ్లని కలపడానికి ఒక వాట్సాప్ గ్రూపు చాలు. నేర్పడానికి మాత్రం కాస్త ఆలోచించాలి.

అల్లిక పక్కన కూర్చుని నేర్పే పని. వీడియో కాల్‌లో ఎదురుగా చూపిస్తే చూసేవాళ్లకి చెయ్యి తిరగబడి కనిపిస్తుంది, దారం ఏ వేలి మీదుగా వస్తోందో అంతుపట్టదు. ఫోన్‌ని స్టాండుకి బిగించి, నేర్పే ఆవిడ భుజం మీంచి ఒళ్లోకి చూసేలా పెట్టండి. సూది దారాన్ని పట్టి లూపులోంచి లాగడం స్పష్టంగా తెలుస్తుంది. లేత రంగు దారం వాడాలి, నల్లదాంట్లో కుట్లు కలిసిపోతాయి. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ మన తప్పు వాటికి కనిపించదు. ఫొటో పంపితే "మూడో వరసలో ఒకటి వదిలేశావమ్మా, అక్కడిదాకా విప్పెయ్" అని చెప్పేది ఆ పెద్దావిడే.

వరాహ నది ఒడ్డున, లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకలోనూ ఇదే అవసరం. యంత్రం మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఎంత నొక్కాలో అనుభవమున్న చేతికే తెలుసు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సహజ రంగులకి ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ముసలి కళాకారుల చేతులు పనిచేసే తీరుని దగ్గర్నుంచి, శబ్దంతో సహా రికార్డు చేసే పని కూడా వెంటనే మొదలవ్వాలి.

విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి 98 వార్డులున్నాయి. కమ్యూనిటీ హాలు ఉన్నచోటల్లా వారానికో మధ్యాహ్నం, మంచి లైటు, ఫోన్ స్టాండు, వీపు ఆన్చుకునే కుర్చీలు ఇస్తే చాలు. నేర్పినందుకు డబ్బూ ఇవ్వాలి. సంగీతం టీచరుకి, ట్యూషన్ మాస్టారుకి ఫీజు కడుతున్నాం. క్రోషే నేర్పే ఆవిడ దగ్గరికొచ్చేసరికి "మీకు కాలక్షేపమే కదండీ" అనడం అన్యాయం.