నా టెంప్లేట్ ఫైలు ఎందుకు పంపడం లేదంటే

"అన్నా, నీ టెంప్లేట్ ఫైలు ఒకసారి పంపించవా?" అని ఈ నెల రోజుల్లో ఏడుగురు తమ్ముళ్లు నన్ను అడిగారు. కంప్యూటర్‌లో ప్రతి పాటా మొదలుపెట్టడానికి ముందే సిద్ధం చేసి పెట్టుకునే ప్రాజెక్టు చట్రమే టెంప్లేట్. విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు డ్రమ్ అండ్ బేస్ (వేగమైన డ్రమ్స్, లోతైన బేస్ మీద నడిచే కంప్యూటర్ సంగీతం) చేయాలనుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని తెలిసి నిజంగా సంతోషించాను. అయినా ఏడుగురికీ పంపనని చెప్పాను. ఇద్దరు నొచ్చుకున్నారు. పంపకపోవడానికి కారణం ఒక్క మాటలో తేలేది కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను పగలు ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో లెక్కలు చూస్తాను. భోజనాలు ముగిసి పిల్లలు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా దొరికే రెండు గంటలే నా సంగీతానికి మిగిలే సమయం. మొదటి రెండేళ్లు ఆ రెండు గంటల్లో నలభై నిమిషాలు ఖాళీ ప్రాజెక్టు తెరిచి, వేగం 174 బీపీఎంకి (నిమిషానికి 174 బీట్లకు) మార్చి, చానెళ్లకు పేర్లు పెట్టి, వాటిని బస్‌లకు (కొన్ని చానెళ్లు కలిసే దారులకు) కలిపి, రివర్బ్ (గది మోత) ఒకచోట, డిలే (తిరిగి తిరిగి వినిపించే ప్రతిధ్వని) ఒకచోట పెట్టి, ఒక శబ్దం వచ్చినప్పుడు ఇంకోటి తగ్గేలా చేసే సైడ్‌చెయిన్ తీగలు లాగడానికే సరిపోయేవి. బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆగినప్పుడు మనసులో మెదిలిన బేస్ లైను ఈ పనంతా అయ్యేసరికి ఎక్కడికో ఎగిరిపోయేది. టెంప్లేట్ చేసుకున్నది ఆ బాధ పడలేకే.

మన వాళ్లలో టెంప్లేట్ మీద రెండు వాదాలు బలంగా ఉన్నాయి. టెంప్లేట్ వాడితే సృజన చచ్చిపోతుందనీ, ప్రతి పాటా ఖాళీ తెర మీదే పుట్టాలనీ కొందరంటారు. ఇంకొందరు డ్రమ్ లూపులు, బేస్ శబ్దాలు, పాట అమరిక, అన్నీ కలిసే మాస్టర్ చానెల్ మీద శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్‌తో సహా అన్నీ నింపేసిన ఫైలును డబ్బిచ్చి కొని, అందులో రెండు మీటలు తిప్పి తమ పాటగా విడుదల చేస్తారు. రెండు వర్గాలూ అసలు ప్రశ్నను వదిలేశాయని నా అభిప్రాయం. ఏది శాశ్వతంగా ఉండాలి, ఏది ప్రతిసారీ కొత్తగా కలపాలి అన్నది అసలు ప్రశ్న.

దీనికి జవాబు నాకు కంప్యూటర్ ముందు దొరకలేదు. సత్యనారాయణపురంలో మా పక్క వాటాలో ఒక మృదంగం మాస్టారు ఉంటారు. ఒక సాయంత్రం కచేరీకి బయల్దేరే ముందు ఆయన వాయిద్యం సిద్ధం చేసుకుంటుంటే దగ్గర కూర్చుని చూశాను. కుడి ముఖం మీది నల్లని మచ్చ తయారు చేసినవాడు పొరలు పొరలుగా రుద్ది పెట్టినది, చాలాకాలం ఉంటుంది. ఎడమ ముఖం అలా కాదు. ఆయన బొంబాయి రవ్వలో నీళ్లు కలిపి, ముద్ద చేసి, చర్మం నడిమధ్యన అద్ది, ఒకసారి వాయించి విని, చిటికెడు తీసేసి, మళ్లీ విని, ఇంకాస్త అద్దారు. ఆ వాయిద్యంలో కింది స్థాయి గంభీర నాదమంతా ఆ రవ్వ ముద్దదే. కచేరీ అయ్యాక దాన్ని గీకేసి శుభ్రం చేస్తారు. "మాస్టారూ, దీన్ని కూడా శాశ్వతంగా అతికించేస్తే రోజూ ఈ శ్రమ ఉండదు కదా?" అని అడిగాను. "ఎండితే పలకదు బాబూ. ఏ పూట రవ్వ ఆ పూటే కలుపుకోవాలి" అన్నారు. ఆ రాత్రే నా టెంప్లేట్‌లోంచి బేస్ శబ్దాలన్నీ తీసేశాను.

ముందు శాశ్వతంగా ఉండవలసిన వాటి గురించి చెబుతాను. 174 బీపీఎం వేగంలో ఒక బీట్ నిడివి దాదాపు 345 మిల్లీసెకన్లు, నాలుగు బీట్ల బార్ 1.38 సెకన్లు. ఈ లెక్క పాటపాటకూ మారదు. స్నేర్ (చురుక్కుమనే డ్రమ్ దెబ్బ) రెండో బీట్ మీదా నాలుగో బీట్ మీదా పడుతుంది కనుక ఒక స్నేర్‌కూ మరో స్నేర్‌కూ మధ్య 690 మిల్లీసెకన్ల ఎడమే ఉంటుంది. స్నేర్‌కు ఇచ్చే రివర్బ్ తోక ఆ లోపల సద్దుమణగకపోతే తర్వాతి దెబ్బ బురదలో పడ్డట్టు వినిపిస్తుంది. అందుకే నా టెంప్లేట్‌లో చిన్న గది రివర్బ్ ఒకటి, పాడ్‌ల (వెనక సాగే శబ్దాల) కోసం పెద్ద రివర్బ్ ఒకటి, బార్‌లో మూడు పదహారో వంతుల డిలే ఒకటి, మొత్తం మూడే సెండ్‌లు (ఏ చానెల్ నుంచైనా శబ్దం పంపగల ఎఫెక్టులు) ఉన్నాయి. డ్రమ్స్, బేస్, స్వరవాద్యాలు, గొంతు, ఎఫెక్టులు అని ఐదు బస్‌లు ఉన్నాయి. రంగులూ పేర్లూ ఎవరి ఇష్టం వారిది.

మట్టాల విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. కిక్ (బరువైన కింది డ్రమ్ దెబ్బ), స్నేర్ చానెళ్లు చెరొకటీ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర పడేటట్టు ముందే దించి పెట్టుకున్నాను. అన్నీ కలిశాక మాస్టర్ మైనస్ 6 దాటకూడదు. మాస్టర్ మీద లిమిటర్ ఉండదు. ఒకప్పుడు ఉండేది, అది ఉన్నంతకాలం నేను కలిపిన ప్రతిదీ నిండుగానే వినిపించేది. ఏ చానెల్ ఎంత పెంచినా అది నొక్కేసి సర్దేస్తుంటే, నా తప్పు నా చెవికి చేరే దారే లేకుండా పోయింది. అది తీసేసిన వారం నా పాత పాటలు విని చాలా బాధపడ్డాను, తీసేసినందుకు మాత్రం ఈ రోజుకీ విచారించలేదు.

సైడ్‌చెయిన్‌కు ఒక మూగ కిక్ చానెల్ పెట్టుకోండి. దాని శబ్దం ఎక్కడికీ వెళ్లదు, బేస్‌ను ఎప్పుడు తగ్గించాలో శబ్దాన్ని నొక్కే కంప్రెసర్‌కు చెప్పడమే దాని పని. అప్పుడు అసలు కిక్‌ను మార్చినా, కొన్ని బార్ల పాటు తీసేసినా, బేస్ ఊపిరి మీరు అనుకున్న లయలోనే సాగుతుంది.

డ్రమ్స్ దగ్గర చానెళ్లు ఉంటాయి గాని అందులో శబ్దాలు ఉండవు. మొదటి బీట్ మీద కిక్, రెండో బీట్ మీద స్నేర్, మూడో బీట్ దాటాక అర బీట్‌కు మళ్లీ కిక్, నాలుగు మీద స్నేర్ అన్న నడక అందరికీ తెలిసినదే, దాన్ని గీయడానికి అర నిమిషం చాలు. ముందే గీసి పెట్టుకుంటే చెయ్యి దాన్ని దాటి పోదు. బ్రేక్‌ల (పాత రికార్డుల్లోని డ్రమ్ ముక్కల) కోసం, శబ్దాన్ని ముక్కలు కోసే సాంప్లర్ ఒకటి సిద్ధంగా ఉంచుతాను, ఖాళీగానే. దాని పక్కన ఒక నోట్స్ చానెల్ ఉంటుంది. ఏ శబ్దం ఎక్కడి నుంచి తెచ్చానో, దాని అనుమతి ఏమిటో అందులో రాస్తాను. ఈ అలవాటుకు కారణం ఉంది. ఈ సంగీతం మొత్తానికి ఆధారంగా నిలిచిన ఏమెన్ బ్రేక్ 1969లో విన్‌స్టన్స్ బృందపు రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు బార్ల డ్రమ్స్, పట్టుమని ఏడు సెకన్లు. 1990ల మొదట్లో ఇంగ్లండులో డ్రమ్ అండ్ బేస్‌కు ముందుతరమైన జంగిల్ సంగీతకారులు ఆ ఏడు సెకన్లను వేగం పెంచి, ముక్కలు చేసి, తిరగేసి ఒక కొత్త సంగీతాన్నే నిలబెట్టారు. పాత పద్ధతిలో రికార్డు వేగం పెంచి దాన్ని 174కి తెస్తే శ్రుతి నాలుగు సెమీటోన్లకు (అరస్వరాలకు) పైనే పెరుగుతుంది. జంగిల్ పాటల్లో ఆ డ్రమ్స్ అంత ఖంగుమని పలకడానికి అదొక కారణం. కోల్‌మన్ మాత్రం దాని మీద పైసా రాయల్టీ చూడకుండానే 2006లో నిలువ నీడ లేని స్థితిలో చనిపోయారు. ఇది తెలిసినప్పటి నుంచి ఒక్క హై హ్యాట్ (డ్రమ్స్‌లోని చిన్న తాళం) శబ్దాన్నైనా ఎవరిదో రాయకుండా వాడలేకపోతున్నాను.

ఇక బేస్. ఈ సంగీతానికి సబ్ బేస్ (అన్నిటికంటే కింది బేస్) జమైకా సౌండ్ సిస్టమ్ సంప్రదాయం నుంచి వచ్చింది. పెద్ద బాక్సుల ముందు నిలబడి ఛాతీతో వినవలసిన శబ్దం అది. సబ్ ఎఫ్ స్వరంలో ఉంటే 43.65 హెర్ట్జ్, జి స్వరంలో ఉంటే 49 హెర్ట్జ్. ఫోను స్పీకర్‌లో ఇవి అసలు పలకవు. కనుక సబ్ చానెల్‌కు సమాంతరంగా కాస్త శాచురేషన్ (గరుకుదనం) వేసిన ఇంకో చానెల్ ఉంచి, హార్మోనిక్స్‌ను (అదే స్వరపు పై ప్రతిధ్వనులను) పైకి తెస్తే, చిన్న స్పీకర్‌లో కూడా చెవి ఆ కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఈ రెండు చానెళ్లు, వాటి ఈక్యూలు (కింది, పై స్థాయిల సర్దుబాట్లు) శాశ్వతం. ఏ స్వరం, ఏ తరంగం, ఎంత గరుకు అన్నవి ఏ పాటకు ఆ పాట.

సబ్‌ను మోనోలో (ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దంగా) ఉంచడం నేను అవమానపడి నేర్చుకున్న పాఠం. మూడేళ్ల క్రితం గుంటూరు దగ్గర ఒక కాలేజీ ఉత్సవంలో నా పాట ఒకటి వేయడానికి అవకాశం వచ్చింది. రీస్ బేస్ చుట్టూ అల్లిన పాట అది. కొద్దిగా శ్రుతి తేడా ఉన్న రెండు తరంగాలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండే శబ్దాన్ని రీస్ అంటారు. 1988లో టెక్నో సంగీతకారుడు కెవిన్ సాండర్సన్ రీస్ అన్న పేరుతో చేసిన రికార్డు నుంచి దానికి ఆ పేరు వచ్చింది. హెడ్‌ఫోన్లలో వెడల్పుగా, గొప్పగా ఉండాలని నేను దాన్ని కింది దాకా స్టీరియోలో పరిచేశాను. మైదానంలో బాక్సులన్నీ మోనోలో కలిపి ఉన్నాయి, మన దగ్గర చాలాచోట్ల అలాగే కలుపుతారు, అందులో తప్పేమీ లేదు. డ్రాప్ (పాట ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) వచ్చింది, డ్రమ్స్ వచ్చాయి, బేస్ రాలేదు. ఎడమ కుడి తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మైదానమంతా రేకుల మీద వాన పడుతున్నట్టు హై హ్యాట్లే మిగిలాయి. సౌండ్ చూస్తున్న పెద్దాయన మిక్సర్ మీద అన్ని మీటలూ పెంచి చూసి, నా వైపు తిరిగి, "బేస్ నీ పాటలోనే లేదయ్యా" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి, బేస్ బస్ మీద 120 హెర్ట్జ్ కింద అంతా మోనో చేసే ప్లగిన్ (చేర్చుకునే చిన్న సాఫ్ట్‌వేర్) పెట్టాను. మాస్టర్ మీద ఒక్క నొక్కుతో మొత్తం మోనోలో వినిపించే బటన్ కూడా పెట్టాను.

పాట అమరిక గురించి నా అభిప్రాయం మారింది. ఇంట్రో 32 బార్లు, తర్వాత డ్రాప్ అని గుర్తులు పెట్టుకునేవాడిని. 32 బార్లంటే 44 సెకన్లు. ఒక ఆదివారం నా పాటలు మూడు వరుసగా వింటే మూడింటిలోనూ సరిగ్గా 44వ సెకనుకే డ్రాప్ పడింది. మూడోది విన్నప్పుడు అది రాబోతోందని మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. గుర్తులన్నీ తీసేశాను. డీజేలు పాటలు కలపడానికి పదహారు బార్ల విభజన అవసరం కనుక ఆ కొలత గీతలు మాత్రం ఉంచాను.

ఫైలు భద్రత మాట కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నా మిత్రుడి ఇంట్లో కంప్యూటర్, రెండు హార్డ్ డిస్కులు నీళ్లలో ఉండిపోయాయి. అతని టెంప్లేట్ ఫైలు చిన్నది కనుక ఈమెయిల్‌లో మిగిలింది. అది నా కంప్యూటర్‌లో తెరిస్తే సగం చానెళ్లు ఎర్రగా వెలిగాయి. శబ్దాలన్నీ మునిగిన డిస్కులో ఉన్నాయి, ప్లగిన్లేమో నా దగ్గర లేవు. తెర మీద పేర్లు తప్ప ఏమీ పలకలేదు. అతను చాలాసేపు ఆ పేర్లనే చదువుతూ కూర్చున్నాడు. అందుకే నా టెంప్లేట్‌లో సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ప్లగిన్లే ఉంటాయి. ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ ఏది వాడినా వాటితో వచ్చే ఈక్యూ, కంప్రెసర్ ఈ పనికి చాలు. బయట కొన్నవి పాట మొదలయ్యాక చేర్చుకుంటాను. పాట పూర్తయ్యాక దానిలో వాడిన శబ్దాలన్నీ ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకే కాపీ చేసి, ఒక ప్రతి ఇంటి బయట ఉంచుతాను.

టెంప్లేట్‌లో చివరి చానెల్ పేరు "ఊరు". దాని నిబంధన ఒకటే. ఆ పాట కోసం నేను స్వయంగా రికార్డు చేసిన శబ్దం ఒకటి అందులో పడాలి. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పటి నీటి హోరు ఒక పాటకు పాడ్ అయింది. రైల్వే స్టేషన్‌లో ప్రకటనకు ముందు మోగే గంట ఇంకో పాటలో ఇంట్రో అయింది. ఊరేగింపులో డప్పు దెబ్బను ఫోనుతోనే పట్టి, కింది భాగం కోసేసి స్నేర్ కింద పొరలా వేస్తే, కొన్న ఏ స్నేర్‌లోనూ లేని చురుకుదనం వచ్చింది. మంట దగ్గర కాచి బిగించిన చర్మం అది, ఆ చురుకు దానికి సహజం. ఆ చానెల్ ఖాళీగా ఉన్నంతవరకు నేను పాట పూర్తయిందని అనుకోను.

ఇప్పుడు ఆ తమ్ముళ్లకు నా జవాబు. నా ఫైలులో ఉన్న ప్రతి మీటా నేను చేసిన ఏదో ఒక తప్పు దగ్గర ఆగి ఉంది. 120 హెర్ట్జ్ అన్న అంకె వెనక గుంటూరు మైదానం ఉంది. ఆ తప్పు మీరు వినకుండా ఆ మీట తీసుకుంటే, అది ఎప్పుడు కదపాలో మీకు తెలియదు. ఖాళీ ప్రాజెక్టుతో వరుసగా ఐదు పాటలు మొదలుపెట్టండి. ఐదింటిలోనూ ఏ పని విసుగ్గా, ఒకేలా చేశారో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీద ఉన్నవే మీ టెంప్లేట్‌లోకి వెళ్లాలి. ఆదివారం ఉదయం పది గంటల తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను. ఆ కాగితం, మీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు పట్టుకుని రండి. ఇద్దరం కూర్చుని మధ్యాహ్నం భోజనం వేళకు మీ టెంప్లేట్ మీ చేత్తోనే చేద్దాం.