ఆ స్టాండు బతికున్నవాళ్ల కోసం

మన గ్రూపులో ఈమధ్య విక్టోరియా రాణి కాలం నాటి ఒక పాత ఫోటో తిరిగింది. గౌను వేసుకుని నిలబడ్డ అమ్మాయి, పాదాల వెనక ఇనప స్టాండు. 'ఈమె అప్పటికే చనిపోయింది, శవాన్ని స్టాండుకు కట్టారు' అని కింద రాత. అందరూ 'అమ్మో' అంటూ ఫార్వర్డ్ చేసేశారు.

నాకు ఒళ్లు మండింది. 1839లో డాగెరోటైప్ అనే తొలి ఫోటో పద్ధతి వచ్చిన కొత్తలో కెమెరా ముందు చాలాసేపు కదలకుండా ఉండాలి. తల ఊగకుండా మెడ వెనక ఆనించే ఊతమే ఆ స్టాండు. శవాన్ని నిలబెట్టే బలం దానికెక్కడిది? చనిపోయినవాళ్లను ఎక్కువగా నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి తీసేవారు. పసిబిడ్డనైతే చాలాసార్లు అమ్మ ఒళ్లో. ఏడుస్తున్న తల్లి కాస్త కదిలి మసకబారితే, ఫోటోలో తేటగా పడేది బిడ్డ మొహమే.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో పుట్టిన వెయ్యిమందిలో సుమారు 150 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. చాలా ఇళ్లలో ఆ బిడ్డకు అదే మొదటి ఫోటో, అదే ఆఖరిది.

రాణి సంగతి సరేసరి. 1861 డిసెంబర్ 14న భర్త ఆల్బర్ట్ పోయాక, 1901లో తాను పోయేదాకా నలుపు విడవలేదు. మామూలు ఇళ్లలో కూడా భర్త పోయిన ఆడవాళ్లు రెండేళ్లకు పైగా చావు బట్టలే కట్టాల్సి వచ్చేది: మొదట మెరుపు లేని నల్ల క్రేప్ గుడ్డ, చివర్లో బూడిదరంగు, లేత ఊదా. మగవాళ్లు కొన్నాళ్లు నల్లపట్టీ కట్టుకుంటే సరిపోయేది. ఈ విషయంలో వాళ్లను వేలెత్తి చూపే మొహం మనకు లేదనుకోండి. చావు బట్టలకోసమే 1841లో లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 'జేస్' అనే పెద్ద దుకాణం వెలిసింది. ఏడుపు కూడా ఫ్యాషనైంది.

ఇంగ్లండులోని విట్‌బీ ఊరు, పోయినవాళ్ల గుర్తుగా పెట్టుకునే జెట్ అనే నల్లరాయి నగలకు పేరు. ఓసారి అక్కడ పాత సామాన్ల కొట్లో ఒక బ్రోచ్ చేతిలోకి తీసుకున్నాను. గోరంత అద్దం కింద, పసుపుపచ్చటి వెంట్రుకలు సన్నగా జడలా అల్లి ఉన్నాయి. వెనక్కి తిప్పితే రెండు అక్షరాలు, వయసు 4 అని చెక్కి ఉంది. 'ఇంటికి మాత్రం తేకండి బాబూ' అంది మా ఆవిడ. అక్కడే పెట్టేసి వచ్చాం.

మా తాతయ్య పోయినప్పుడు ఊళ్లో స్టూడియో ఆయన్ను పిలిపించారు. తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ మేమంతా నిలబడ్డాం. మొన్న పెద్దమ్మ పోతే వీసా టెన్షన్‌లో వెళ్లలేకపోయాను. తెల్లవారుజామున జూమ్‌లో చూస్తూ ఒక స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. అది నా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ పంపలేదు.